అందరికీ ముప్పై నిమిషాలు

మా తమ్ముడితో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం. గోడ కనీసం మన మాట మనకు తిరిగి వినిపిస్తుంది. వాడు అదీ చెయ్యడు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, మనం చెప్పిందంతా విని, లేచి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోతాడు. అక్కని కాబట్టి నేను అంటున్నాను. ఇంకెవరైనా అంటే ఊరుకోను.

వాడి పని నీళ్లు వదలడం. గుట్ట మీద పెద్ద ట్యాంకు, దాని కింద ఆరు వీధులు. ఒక్కో వీధి మొదట్లో రోడ్డు మధ్య ఒక గుంత, గుంత మీద ఇనుప మూత, మూత కింద వాల్వు. వాడి భుజం మీద నాలుగడుగుల ఇనుప రాడ్డు, దానికి పైన అడ్డంగా పిడి. మూత తీసి, రాడ్డు లోపలికి దించి, వాల్వు తలకి తగిలించి తిప్పుతాడు. పూర్తిగా తెరుచుకోవడానికి పద్దెనిమిది చుట్లు. తిప్పడం అయ్యాక పిడికి చెవి ఆనించి వింటాడు. నీళ్లు సాఫీగా పోతున్నాయా, ఎక్కడైనా లీకుందా, గాలి పట్టిందా అన్నది వాడికి ఆ ఇనుములోంచి తెలిసిపోతుంది. కళ్లు మూసుకుని మరీ వింటాడు. దారిన పోయేవాళ్లు నిలబడే నిద్రపోతున్నాడనుకుంటారు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అందుకే వాడి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ వాడు రాడ్డన్న.

రాడ్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యం. పైన ఎవరు గెలిచినా ఎవరు ఓడినా, కుళాయి తిప్పితే నీళ్లొస్తాయా రావా అన్నది మా తమ్ముడి భుజం మీద ఉండేది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! వాడు వీధిలో నడుస్తుంటే టీ కొట్టాయన అడక్కుండానే గ్లాసు కడిగేవాడు. ఆఫీసర్లు కూడా 'ఏమండీ' అనేవారు.

వాడు సత్యసంధుడని నేను చెప్పను. పాత కౌన్సిలరు ఫోన్ చేసి మా మేడకు ఇంకో పది నిమిషాలు అంటే వదిలిన రోజులున్నాయి. ఒకసారి స్టేషన్ వీధిలో ఒకాయన మాటా మాటా పెరిగి వాడి చొక్కా పట్టుకున్నాడు. వీడు ఆ వీధి మొత్తానికి రెండు రోజులు నీళ్లు ఆపేశాడు. చొక్కా పట్టుకున్నది ఒక్కడు, గొంతులెండింది డెబ్భై ఇళ్లకి. విని నేను వెళ్లి దులిపేశాను. "వాల్వు పాడైందక్కా" అన్నాడు. వాల్వు కాదు, వాడి బుద్ధి పాడైంది.

నేనుండేది మెట్ల వీధిలో, చిట్టచివరి ఇంట్లో. బట్టలు కుడతాను. ట్యాంకు ఒక గుట్ట మీద ఉంటే మా వీధి ఎదురుగా ఇంకో గుట్ట మీద ఉంది. మధ్యలో పల్లం. పల్లంలో మిగతా అయిదు వీధులు. ఆటో రాదు, సైకిలు ఎక్కదు, గ్యాస్ బండ మోసుకొచ్చేవాడు మా గుమ్మంలోకొచ్చేసరికి మనిషిలా ఉండడు. పెళ్లయి ఈ వీధికొచ్చినప్పుడు రెండేసి మెట్లు ఎక్కేదాన్ని. ఇప్పుడు మోకాళ్లు ఒక్కో మెట్టుకీ ఒక్కో మాట అంటున్నాయి.

నీళ్లు అందరికంటే ఆఖరున, అందరికంటే సన్నగా వచ్చేది మాకే. బిందె పెట్టి, లోపలికి వెళ్లి రెండు చొక్కా చేతులు కుట్టి వచ్చినా బిందె నిండేది కాదు. దాంతో మా వీధిలో పిల్లల దగ్గర నుంచి ముసలివాళ్ల దాకా అందరి నమ్మకం ఒకటే. కింద వీధులవాళ్లు మన నిమిషాలు మింగేస్తున్నారు, రాడ్డన్న వాళ్లకి వంత పాడుతున్నాడు. మా పక్కింటి పిన్ని నన్ను చూసినప్పుడల్లా ఒకటే పాట. "ఊరందరికీ నీళ్లు పోస్తాడమ్మా మీ తమ్ముడు. అక్క గొంతు మాత్రం తడపడు."

తల కొట్టేసినట్టుండేది నాకు. వాడు భోజనానికొచ్చినప్పుడల్లా పళ్లెం ముందే పంచాయితీ పెట్టేదాన్ని. "తోడబుట్టినదాన్ని అని కాకపోయినా, మనుషులమని అయినా చూడరా. మాకూ అందరితో పాటు సమానంగా వదలడానికి నీకేం నొప్పి?" అనేదాన్ని. వాడు కలుపుకున్న అన్నం తిని, చెయ్యి కడుక్కునేటప్పుడు ఒక్క చెంబుతోనే కడుక్కుని, లేచి వెళ్లిపోయేవాడు.

అలాంటి రోజుల్లో వేలు పార్టీ వచ్చింది. అసలు పేరు ఇంకేదో పెద్దదే ఉంది కానీ జనం నోట్లో వేలు పార్టీ అయింది. అదివరకు ఓటేస్తే వేలికి సిరా పూసి అయిదేళ్లు ఇంట్లో కూర్చోమనేవారు. వీళ్లు ఫోన్‌లో రోజూ వేలు పెట్టమన్నారు. రోడ్డు ఏది ముందు వెయ్యాలి, లైటు ఎక్కడ పెట్టాలి, అంతా ఫోన్‌లోనే అడుగుతారు. ఎక్కువ మంది ఏది నొక్కితే కౌన్సిల్లో వాళ్ల మనిషి అదే మాట్లాడాలి, సొంత బుర్ర వాడకూడదు. కౌన్సిలర్లకి సొంత బుర్ర ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఏమైతేనేం, ఎన్నికల్లో పాత కౌన్సిలరు చిత్తుగా ఓడిపోయాడు, వీళ్లు గెలిచారు.

మా ఆరు వీధులకి ఆ పార్టీ తరఫున ఒక టీచరమ్మ వచ్చేది. లెక్కలు చెబుతుంది. మనిషి గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది, గొంతు మాత్రం చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. మంచి పిల్ల. ఇప్పటికీ అదే అంటాను. ఎండలో మెట్లన్నీ ఎక్కి, మా ఇంటి గట్టు మీద కూర్చుని, మంచినీళ్లు కూడా అడగకుండా మాట్లాడింది.

"అక్కా, అధికారం అంటే ఎక్కడో పైన ఉండేది కాదు. మీ తమ్ముడి భుజం మీద ఉందే, అదీ అధికారం. ఎవరికెంత వదులుతున్నాడో మీకు తెలుసా? నాకు తెలుసా? దాన్ని దించి నలుగురి ముందూ పెడదాం. అంతకంటే ఏం లేదు."

నా కడుపులో మాట ఎవరో పైకి తీసినట్టయింది. ఆ రోజే నన్ను మా వీధి కార్యదర్శిని చేసింది. నలభై ఏడేళ్లకి నాకొక పదవి! మా ఆయన నవ్వాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. నువ్వు నన్నెప్పుడో గెలిచావు, ఇక రచ్చే మిగిలింది" అన్నాడు. ఫోన్ లేనివాళ్లకి పిల్లల పాత ఫోన్లు ఇప్పించాను. వేలు వణికేవాళ్ల పక్కన కూర్చుని నొక్కడం నేర్పాను. మా వీధి నుంచి తొంభై నాలుగు ఓట్లు నమోదయ్యాయి. ఆరు వీధులూ కలిపి వెయ్యీ ఇరవై.

మొట్టమొదట ఓటుకి వచ్చింది నీళ్ల సంగతే. నీళ్ల ఆఫీసు పుస్తకంలో రూలు ఎప్పటినుంచో ఉంది. ట్యాంకులో రోజుకి మూడు గంటల నీళ్లు, ఆరు వీధులు, వీధికి ముప్పై నిమిషాలు. ఆ రూలు నిజంగా అమలవుతోందా లేదా అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి వాల్వుకీ ఒక చిన్న పెట్టె బిగిస్తారు. వాల్వు తెరవగానే అందరి ఫోన్లలో పచ్చ చుక్క వెలుగుతుంది. ముప్పై నిమిషాలు కాగానే ఎర్ర చుక్క. ఒక్క నిమిషం తగ్గినా పెరిగినా ఊరంతా చూస్తుంది. కావాలా, వద్దా?

కావాలా అని అడగాలా మమ్మల్ని! ఆకలిగా ఉన్నవాడిని అన్నం తింటావా అని అడిగినట్టుంది.

ఓటుకి రెండు రోజుల ముందు మా తమ్ముడు పిలవకుండా వచ్చాడు. భోజనం వద్దన్నాడు. గుమ్మంలో నిలబడి రాడ్డు ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాడు.

"అక్కా, ఆ పెట్టెలు వద్దని చెప్పు మీవాళ్లకి."

"ఎందుకురా?"

"వద్దు."

"అదే, ఎందుకని అడుగుతున్నా. నీ రాజ్యం పోతుందనా?"

వాడు ఏదో అనబోయాడు. పక్కింటి పిన్ని కిటికీలోంచి తల పెట్టి చూస్తోంది. నోరు మూసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నాళ్లూ అడిగాం, ప్రాధేయపడ్డాం. ఇప్పుడు మాకు ఓటుంది. నువ్వు వద్దన్నావంటేనే అది మంచిదని అర్థం. వెళ్లు" అన్నాను. వెళ్లాడు. మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగాడు. నేను పిలవలేదు.

ఓటు జరిగింది. వెయ్యీ ఇరవైలో తొమ్మిది వందల పైన 'కావాలి'. మా వీధిలో తొంభై నాలుగుకి తొంభై నాలుగూ 'కావాలి'. టీచరమ్మ ఫోన్ చేసి, "అక్కా, వంద శాతం వచ్చిన వీధి మీదొక్కటే" అంది. ఆ సాయంత్రం నేను మిషను ఎక్కలేదు.

పెట్టెలు బిగించిన మర్నాడు పొద్దున్న ఏడింటికి మా వంతు. వీధి వీధంతా ఫోన్లు పట్టుకుని కుళాయిల దగ్గర నిలబడింది. పచ్చ చుక్క వెలిగింది. పిన్ని చప్పట్లు కొట్టింది. అయిదు నిమిషాలయింది. పదయింది. కుళాయి బుస్సుమంటోంది తప్ప చుక్క రాల్లేదు. పదిహేను. "ముందు అంతేలే" అన్నారెవరో. ఇరవై నిమిషాలకి దగ్గి, ఉమ్మి, ఎప్పటిలాగే సన్నటి ధార మొదలైంది. మా బిందె సగానికి వచ్చిందో లేదో ఎర్ర చుక్క వెలిగింది. ధార ఆగిపోయింది.  కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఏమిటో ఆ రోజు తెలిసింది మాకు.

మోకాళ్ల సంగతి మర్చిపోయి గబగబా కిందికి దిగాను. మా వీధి వాల్వు మెట్ల కింద, మిల్లు వీధి మలుపులో ఉంటుంది. తమ్ముడు గుంత పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏం చేశావురా? కక్ష తీర్చుకున్నావా?"

వాడు తల పైకెత్తలేదు. "ముప్పై నిమిషాలూ వదిలానక్కా. పెట్టె చూసుకో."

"మరి నీళ్లేవి?"

"నీళ్లు పల్లంలోకి దిగి మళ్లీ గుట్టెక్కాలి. మీ వంతు అవగానే పైపులో ఉన్నదంతా వెనక్కి జారి, కింది మెట్ల కుళాయిల్లోంచి పోతుంది. రోజూ ఖాళీ పైపే. అది నిండి గాలి పోవడానికే ఇరవై నిమిషాలు. ఆ తర్వాతే నీళ్లు."

"ఇన్నాళ్లూ ఎలా వచ్చాయి?"

అప్పుడు చెప్పాడు. పుస్తకంలో అందరికీ ముప్పై రాసేవాడట. నిజానికి కింద అయిదు వీధులకీ ఇరవయ్యారేసి నిమిషాలే వదిలేవాడు. ఒక్కో వీధి దగ్గర నాలుగు నిమిషాలు కోసి, ఆ ఇరవై నిమిషాలూ మాకు కలిపేవాడు. మెట్ల వీధికి రోజూ యాభై నిమిషాలు. ఇరవై రెండేళ్లు.

 మా వీధిని తొక్కేస్తున్నాడని నేను తిట్టిన ప్రతి తిట్టూ, ఆ యాభై నిమిషాల నీళ్లు తాగి తిట్టిందే.

"నాకెందుకు చెప్పలేదురా? ఒక్కసారి, ఒక్కసారి చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? పిన్నికి చెబుతావు. పిన్ని కింద సంతలో చెబుతుంది. మర్నాడు అయిదు వీధులూ నా మీద పడతాయి. మీకు ఆ నీళ్లూ ఉండవు." "ఎవరికీ తెలియకుండా ఉంటేనే నడిచే పనక్కా అది" అన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వీడికి నోరే లేదు, ఇంకేం ఊరు!

అయినా నేను ఊరుకోలేదు. నిజం చెబితే నలుగురూ అర్థం చేసుకుంటారు, ఇది వేలు పార్టీ కదా, పాతవాళ్లలాగా కాదు కదా అనుకున్నాను. టీచరమ్మతో చెప్పి బడి హాల్లో మీటింగ్ పెట్టించాను. వాడు రానన్నాడు. చేతులు పట్టుకుని బతిమాలాను. నా కోసం వచ్చాడు. మైకు ఇస్తే రాడ్డు పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాకు మాట్లాడటం రాదు. పుస్తకంలో అందరికీ ముప్పై అని రాశాను. నిజంగా మీకు ఇరవయ్యారే ఇచ్చాను. మిగిలింది పైకి పంపాను. పైకి ఎక్కడానికే ఇరవై పడుతుంది. సమానంగా ఇస్తే వాళ్లకి గాలి వస్తుంది. అంతే."

వాడి జన్మలో అంత పెద్ద ఉపన్యాసం అదే. కూర్చునే లోపలే హాలు లేచింది. ఇరవై రెండేళ్లు మా నీళ్లు దొంగిలించాడని ఒకరు, అక్క కోసం చేశాడని ఒకరు, పుస్తకాల్లో దొంగ రాతలు రాసినవాడి మాట ఎలా నమ్మాలని ఇంకొకరు. స్టేషన్ వీధి ఆయన, చొక్కా పట్టుకున్న ఆయనే, వేలు చూపిస్తూ అడిగాడు. "మాకు రెండు రోజులు నీళ్లు ఆపావు చూడు, అప్పుడు కూడా గాలి అడ్డమొచ్చిందా?"

తమ్ముడు మైకు మళ్లీ అందుకున్నాడు. "లేదు. అది నా తప్పు. కోపమొచ్చి ఆపాను."

ఆ ఒక్క ముక్కతో కథ ముగిసిపోయింది. ఇన్నేళ్లూ నిజం చెప్పనివాడు ఆ రోజే చెప్పాలా!

మిల్లు వీధి నుంచి ఒకావిడ లేచింది. నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది, నన్ను వదినా అంటుంది. గొంతు పెంచలేదు. "నాలుగు నిమిషాలంటే మా ఇంట్లో రెండు బిందెలు. మంచం పట్టిన మా మామగారి పక్కబట్టలు నేను రోజూ ఉతకాలి. ఆ రెండు బిందెలు లేక ఎన్ని రోజులు వాటిని మూట కట్టి పెట్టానో నాకు తెలుసు. మీకిస్తే ఇచ్చావు, మమ్మల్ని ఒక్క మాట అడిగావా అన్నా?" అంది.  

టీచరమ్మ మొహం పాలిపోయింది. రాడ్డు ఇక ఒక్కరి దగ్గర ఉండకూడదని, నెలకొకరు చీటీ వేసి తీసుకోవాలని హాలు తీర్మానించింది. తమ్ముడు లేచి వెళ్లి రాడ్డు బల్ల మీద పెట్టాడు. బల్ల కదిలింది. తర్వాత వాడిని నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. మాట్లాడని మనిషిని తీసుకెళ్లి ఫిర్యాదులకి జవాబు చెప్పమన్నారు! పగవాడికి కూడా వద్దు ఆ శిక్ష.

మా వంతు గురించి ఏం చెయ్యాలని అడిగితే టీచరమ్మ, "మళ్లీ ఓటు పెడదామక్కా. నెల రోజుల టైముంది. జనానికి చెప్పండి. అర్థమైతే వాళ్లే వేస్తారు" అంది.

ఆ నెల రోజులు నేను బతికిన తీరు నాకే తెలుసు. పొద్దున్న కుళాయి కింద సగం బిందె, ఆ తర్వాత మిల్లు వీధికి దిగి, బతిమాలి రెండు బిందెలు పట్టుకుని, మధ్యలో నాలుగు చోట్ల దించుకుంటూ పైకి. మధ్యాహ్నం కుట్టుపని. సాయంత్రం అయిదు వీధులూ తిరిగి తలుపులు కొట్టడం. "ఒక్క రోజు, ఏడింటికి, మా కుళాయి దగ్గరికి వచ్చి నిలబడండి చాలు" అని. అందరూ వస్తామన్నారు. 'అయ్యో పాపం' అననివాళ్లు లేరు. ఫోన్‌లో దండం పెట్టే బొమ్మలు కుప్పలుగా పంపారు. మెట్లెక్కి వచ్చినవాళ్లు మాత్రం పదకొండు మంది. వెయ్యిమందిలో పదకొండు.

టీచరమ్మ వచ్చింది. చేతి గడియారం చూసుకుంటూ కుళాయి ముందు ఇరవై నిమిషాలు నిలబడింది. గాలి మొహాన కొడుతుంటే కదల్లేదు. ఎర్ర చుక్క వెలిగాక మా బిందెలోకి తొంగి చూసి గట్టు మీద కూలబడింది.

"నేను లెక్కలు చెబుతానక్కా. మూడు గంటల్ని ఆరుతో భాగించాను. పైపు గుట్టెక్కుతుందని నాకు తట్టలేదు."

"ఇప్పుడు తెలిసింది కదమ్మా. మార్చెయ్యి."

"ఎలా మార్చను? నాది ఒక్క ఓటేనక్కా."

ఆ మాట అంటుంటే దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒకప్పుడు ఒక్కడికి అర్థమైతే చాలు, నీళ్లు గుట్టెక్కేవి. ఆ ఒక్కడికే కోపం వస్తే ఇంకో వీధి ఎండిపోయేది. ఇప్పుడు ఎవరి కోపానికీ ఎవరూ ఎండరు, కానీ వెయ్యిమందికి అర్థమయ్యేదాకా మేం ఎండాలి. ఏది మేలో చెప్పమంటే చెప్పలేను. కాళ్ల నొప్పులతో ఆలోచించే సంగతి కాదది.

మిల్లు వీధి ఆవిడ కూడా వచ్చింది. అంతా చూసింది. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పింది నిజమే వదినా. కానీ నా ఓటు నీకు వెయ్యలేను. నీ దగ్గర దాచడం ఇష్టంలేక చెబుతున్నా" అంది. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేసి పోయింది మహాతల్లి.

ఓటు రోజున సాయంత్రం అందరం మా గుమ్మంలోనే ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. మెట్ల వీధికి యాభై నిమిషాలు ఇవ్వాలన్నవాళ్లు రెండు వందల ముప్పై ఒకటి. వద్దన్నవాళ్లు అయిదు వందల నలభై ఎనిమిది. మిగతావాళ్లు అసలు నొక్కనే లేదు. పిన్ని ఫోన్ కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. మా ఆయన మాత్రం, "మనవి తొంభై నాలుగు తీసేస్తే కిందవాళ్లవి నూట ముప్పై ఏడు వచ్చాయే" అన్నాడు. ఓదార్పుకి అన్నాడో, నిజంగానే ఆశ్చర్యపోయాడో తెలియదు. 

మర్నాడు మా వంతుకి ముందే బిందెలు తీసుకుని కిందికి దిగాను. ఆ నెల రాడ్డు మందుల షాపాయనకి వచ్చింది. పెద్దమనిషి, మెట్లెక్కి వచ్చిన పదకొండు మందిలో ఒకడు. గోరుచుట్టు మీద రోకలిపోటు, వాల్వు బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా తిరగలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే మా తమ్ముడిని పంపారు. వాడు రాడ్డు అందుకుని కాస్త వెనక్కి తిప్పి, కాస్త ముందుకి తిప్పి, ఓపిగ్గా విడిపించాడు. పచ్చ చుక్క వెలిగింది. అలవాటు చొప్పున పిడికి చెవి ఆనించాడు.

నిమిషాలు గడిచాయి. నేను మిల్లు వీధి కుళాయి పక్కన, వాళ్లు తమ వంతులో పట్టి ఉంచిన నీళ్లు బిందెల్లోకి వంపుకుంటూ వాళ్లిద్దరినీ చూస్తున్నాను. ఇరవయ్యో నిమిషానికి తమ్ముడు కళ్లు తెరిచి, "ఎక్కాయి" అన్నాడు, తనలో తను.

ముప్పై అవుతుండగా మందుల షాపాయన నా వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "రాడ్డన్నా, వాల్వు బిగుసుకుపోయిందని ఎలాగూ ఫిర్యాదు నమోదైంది. మూసుకోలేదని రాసేస్తా. ఇంకో ఇరవై నిమిషాలు పోనిద్దామా? ఎవరూ ఏమీ అనరు."

 ఇరవై నిమిషాలంటే పిన్ని డ్రమ్ము నిండుతుంది. నా మోకాళ్లకి రెండు రోజుల సెలవు. ఊ అనరా అని మనసులో మొక్కుకున్నాను.

"వద్దండీ. మూసెయ్యండి" అన్నాడు తమ్ముడు.

బిందె అక్కడే వదిలేసి వెళ్లాను. "ఏరా, నీ చేతిమీదుగా ఇరవై రెండేళ్లు ఇచ్చావు. ఈ ఒక్క రోజు ఆయన ఇస్తానంటే అడ్డుపడతావా? రాడ్డు తీసుకున్నారని ఉక్రోషమా? ఎవరి మీద?"

మందుల షాపాయన తిప్పుతున్నాడు. తమ్ముడు ఆయన చుట్లు లెక్కపెట్టి, పద్దెనిమిదయ్యాక నా వైపు తిరిగాడు. ఆ మొహంలో ఉక్రోషం లేదు. ఇరవై రెండేళ్ల అలసట ఉంది.

"ఇవాళ ఈయనిస్తాడు. వచ్చే నెల చీటీ ఎవరికొస్తుందో? వాళ్ల కాళ్లు పట్టుకుంటావా? నేను చాటుగా ఇచ్చాను కాబట్టే నీకు కూడా తెలియలేదక్కా. తెలియనిదాని కోసం ఎవరు ఓటేస్తారు? నిన్న కిందవాళ్లు నూట ముప్పై ఏడు మంది వేశారు. నేనిచ్చినన్నాళ్లూ వాళ్లలో ఒక్కరికి తెలుసా మీ సంగతి? మళ్లీ ఓటు పెట్టించు. మళ్లీ ఓడిపో. మళ్లీ పెట్టించు."

"నీకేం, చెబుతావు. మోసేది నేను."

వాడు వెళ్లి నిండిన బిందెలు రెండూ చూసి, పెద్దది ఎత్తి భుజం మీద పెట్టుకున్నాడు. వద్దురా, ఆఫీసుకి ఆలస్యమవుతుందన్నా వినలేదు. నేను చిన్నది చంకనెత్తుకుని వెనకాల నడిచాను. మొదటి మలుపు దాకా బాగానే ఎక్కాడు. రెండో మలుపు దగ్గర బిందె తొణికి చొక్కా తడిసింది. ఇంకో పది మెట్లెక్కి బిందె దించి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఊపిరి అందడం లేదు. ఇన్నేళ్లు ఈ గుట్టకి నీళ్లు పంపినవాడు, ఒక్క బిందె మోసుకుని ఎక్కడం అదే మొదటిసారి.

నేనూ పక్కన కూర్చున్నాను. ఫోన్ తీసి, టీచరమ్మకి మళ్లీ ఓటు పెట్టమని రాసి పంపాను. 'మూడు నెలల దాకా కుదరదక్కా, రూలు' అని వెంటనే జవాబొచ్చింది. వాడికి చూపించాను. చదివి తిరిగిచ్చాడు.

"ఇంకెంతుందక్కా పైకి?" అన్నాడు, రొప్పుతూనే.

"సగం కూడా రాలేదురా. లే."